ఎర్రకారు మీది ఆట

నర్సీపట్నం బలిఘట్టం రోడ్డులో ఉన్న ఎస్తర్ రాణి షెడ్డుకి ఏ బండి వచ్చినా సరే, ముందు ఆమె చేత నాలుగు చీవాట్లు తినాల్సిందే. తుప్పు పట్టిన తలుపుని తిడుతుంది, నీళ్లు కారే డిక్కీని తిడుతుంది, అంతకుముందు రంగేసినవాడి ఏడు తరాలనీ తలుచుకుంటుంది. ఆ తర్వాతే గుడ్డ తీసి తుడవడం మొదలుపెడుతుంది. సొట్టలు తీసే పని ఆమె భర్త జోసఫ్ రాజుది, రంగు పని ఆమెది. రంగుల విషయంలో ఆమెకి తెలియనిది లేదని ఊళ్లో చాలామంది అంటారు. అందరికంటే ముందు ఆ మాట ఆమే అంటుంది.

అలాంటి మనిషి, బుధవారం పొద్దున్న ఎర్ర మారుతీ కారొకటి వచ్చి షెడ్డు ముందు ఆగితే, తిట్టడం కూడా మర్చిపోయి నిలబడిపోయింది.

కారు పాతది. ఒకప్పుడు నిగనిగలాడిన ఎరుపు ఎండకి వెలిసి, ఉతికి ఉతికి పాతబడిన చీర రంగుకి దిగింది. దాని మీద, ముందు చక్రం పైనుంచి వెనక లైటు దాకా, రెండు పక్కలా ఆడవాళ్ల బొమ్మలు. ఒకరి నడుం వెనక ఒకరు చేతులు వేసుకుని వరుసగా కొండ ఊళ్ల ఆట థింసా ఆడుతున్నారు. తలల నిండా ఈకలు, మెడల్లో ఎముకల దండలు, చెంపల మీద తెల్ల గీతలు. ఒకామెకి రెండు చేతులూ పక్కవాళ్ల వెనకే ఉన్నా, ఎక్కణ్ణుంచో మూడో చెయ్యి మొలిచింది. ఆ చేతిలో బల్లెం ఉంది.

డ్రైవరు సీట్లోంచి దిగిన అమ్మాయికి పాతికేళ్లు కూడా ఉండవు. ఇస్త్రీ నలగని చుడీదార్ వేసుకుంది, తాళంచెవి వేలికి తగిలించుకుంది. పేరు దేవి అని చెప్పి, బొమ్మల వంక చూడకుండానే వాటిని చూపించింది.

"ఇవి పోతాయా ఆంటీ?"

"పోవడవేటి? అసలు ఎయ్యనట్టే పోతాయి," అంది ఎస్తర్ రాణి, ఇంకా బండిని ముట్టుకోకుండానే.

దేవి తన సంగతి చెప్పుకొచ్చింది. వాళ్లది ఘాట్ రోడ్డు ఎక్కి, చింతపల్లి దాటి లోపలికి వెళ్తే వచ్చే కొండ ఊరు. మంచు చూడటానికి వచ్చేవాళ్ల కోసం ఆ దగ్గర్లో ఒక రిసార్టు వెలిసింది. అతిథుల్ని తిప్పడానికి వాళ్లు వాడిన కారు ఇది. పాతబడిందని అమ్మేస్తుంటే దేవి కొనుక్కుంది. ఆమెకి రావికమతం ఆస్పత్రిలో నర్సుగా ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. తల్లి కొండలమ్మని తీసుకొచ్చి నర్సీపట్నంలోనే గది తీసుకుంది. రోజూ ఈ కారులోనే వెళ్లి రావాలని ఆశ.

ఆ మాటలు అవుతుండగానే కొండకి వెళ్లే తెల్ల కారొకటి రోడ్డు పక్కన ఆగింది. పట్నం మనుషులు బిలబిలమంటూ దిగారు. నల్లకళ్లద్దాల ఆయన బొమ్మల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, భార్యని బల్లెం ముందు నిలబెట్టి ఫొటో తీశాడు. తర్వాత ఆయన చూపు దేవి మీద పడింది.

"నువ్వు కూడా ఆ టీమేనా అమ్మా? ఒక్కసారి ఆ లైను పక్కన నిలబడు, ఫొటో తీసుకుంటాం."

దేవి కాదనలేదు, నిలబడనూ లేదు. వంగి ముందు చక్రంలో గాలి చూస్తున్నట్టు కూర్చుంది. వేలితో టైరు నొక్కి, మళ్లీ నొక్కి, వాళ్లు విసుగుపడేదాకా లేవలేదు. ఆ పిల్లకి ఆ వంగడం కొత్త కాదని ఎస్తర్ రాణికి అర్థమైపోయింది. ఒళ్లు మండింది. నీళ్ల గొట్టం అందుకుని, అంతకన్నా అవసరమైన పని లేనట్టు కారు కడగడం మొదలుపెట్టింది. ఆ నీళ్లు పోయి నల్లకళ్లద్దాల ఆయన బూట్ల నిండా పడ్డాయంటే అది నీళ్ల తప్పు. పట్నం కారు బేగి వెళ్లిపోయింది.

దేవి లేచి చేతులు దులుపుకుంది. "ఘాట్ దిగినంతసేపూ ఇదే ఆంటీ. ఆపుతారు, దిగమంటారు, ఆడమంటారు. సోమవారం నాను ఈ బొమ్మల్తో ఆస్పత్రి గేట్లోకెళ్తే నన్ను నర్సనుకోరు. ఆడ్డానికొచ్చిందనుకుంటారు."

ఆమె గొంతులో ఏడుపు లేదు. అలా లేకపోవడమే ఎస్తర్ రాణికి ఎక్కువ బాధనిపించింది. శనివారానికల్లా ఇచ్చేస్తానని మాటిచ్చేసింది.

అమ్మాయి వెళ్లాక జోసఫ్ రాజు వచ్చి, కొంచెం రుద్ది పైన ఎర్రరంగు కొట్టేస్తే సరిపోతుంది కదా అన్నాడు. మంచి మనిషే గానీ రంగు దగ్గర ఆయన మాటకి షెడ్డులో విలువ లేదు. కప్పడం వేరు, తియ్యడం వేరు అని ఆవిడ మొదలుపెట్టింది. బ్రష్షుతో వేసిన రంగుకి అంచు ఉంటుంది, పైన ఎంత కొట్టినా సాయంత్రం ఎండ ఏటవాలుగా పడగానే ఈకలన్నీ లేచి కూర్చుంటాయి. మొత్తం గీకి కొత్తగా వేద్దామా అంటే సోమవారానికి ఆరదు. పైగా కింద ఉన్నది కంపెనీ రంగు, అది మళ్లీ వేద్దామన్నా రాదు. ఆయన అప్పటికే సుత్తి తీసుకుని అవతలికి వెళ్లిపోయాడు. మిగిలిన వాక్యాలు ఆవిడ కారుతోనే చెప్పింది.

గురువారం పొద్దున్నే పని ఎత్తుకుంది. నేరుగా థిన్నర్ పోస్తే బొమ్మలతో పాటు కింది ఎరుపు కూడా కరిగిపోతుంది. అందుకని టర్పెంటైన్లో థిన్నర్ కొద్దిగా కలిపి, తలుపు అడుగున ఎవరికీ కనబడని చోట ముందు ఒక చుక్క వేసి చూసుకుంది. ఎరుపు చెక్కుచెదరలేదు. అప్పుడు పాత బనియన్ గుడ్డలు ఆ మిశ్రమంలో తడిపి బొమ్మల మీద పరిచింది, ఆరిపోకుండా పైన పాలిథిన్ కాగితం అంటించింది. నానబెట్టడంలోనే పనంతా ఉంది. తొందరపడి గీకినవాడు కారుకి మచ్చలు తెస్తాడు, తొందరపడనివాడు తిట్లతో కాలక్షేపం చేస్తాడు.

గుడ్డలు తీసి, గడువు తీరిన ఏటీఎం కార్డు అంచుతో నెమ్మదిగా నెట్టింది. ఈకలు ఉడికిన టమాటా తొక్కలా ముడుచుకుని వచ్చేశాయి. ఎముకల దండలు, చెంపల మీద గీతలు, బల్లెంతో సహా ఆ మూడో చెయ్యి, అన్నీ అంతే సులువుగా వచ్చాయి. ఆడవాళ్లు మాత్రం కదల్లేదు. గుడ్డలు మళ్లీ తడిపింది, మళ్లీ పరిచింది. సాయంత్రానికి ఒక్క చీర కొంగు మాత్రం వచ్చింది.

ఎస్తర్ రాణికి విషయం తెలిసిపోయింది. ఆడవాళ్లని వేసి చాలా ఏళ్లయింది, ఆ రంగు రాయిలా బిగుసుకుంది. ఈకలూ ఎముకలూ మొన్న మొన్న ఎవరో తెచ్చి అతికించినవి. వేసిన చెయ్యి కూడా వేరు. కిందివాడికి బ్రష్షు పట్టడం వచ్చు, ఒక్క గీతలో భుజం దించాడు. పైవాడికి అదీ రాదు, మూడో చెయ్యి తెచ్చాడు. రాత్రి అన్నాల దగ్గర పైవాణ్ణి తిడుతూ భర్తకి రెండుసార్లు కూర వడ్డించింది.

గుడ్డల్ని రాత్రంతా అలాగే నాననిచ్చి మళ్లీ నెడితే, శుక్రవారం మధ్యాహ్నానికి రెండు పక్కలా బొమ్మలు పోయాయి. చేతివేళ్లు మంట పెడుతున్నా ఆమె పట్టించుకోలేదు. సబ్బునీళ్లతో కారంతా కడిగింది. తడి మీద కారు ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే ఎరుపు. ఎక్కడా గీత లేదు, మరక లేదు. వెంటనే దేవికి ఫోన్ చేసి, వచ్చి చూసుకో, ఇక్కడ బొమ్మలుండేవంటే మీ అమ్మ కూడా నమ్మదు అని గొప్పలు చెప్పుకుంది. పక్క కొట్టుకి వెళ్లి టీ తాగింది. అక్కడ కూడా అదే చెప్పింది.

తిరిగొచ్చేసరికి తడి ఆరింది.

వెలిసిన ఎరుపు మీద చిక్కటి ఎరుపులో ఆడవాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు.

ఎస్తర్ రాణి తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆమెకి తెలియని సంగతి కాదు. ఇన్నేళ్లూ ఎండ కారు మొత్తాన్నీ తినేసింది, బొమ్మల రంగు కప్పుకున్న చోట మాత్రం తినలేకపోయింది. రంగు తీసేస్తే కింద పాత ఎరుపు అలాగే ఉంది. తడిగా ఉన్నప్పుడు అన్నీ ఒకలాగే కనిపిస్తాయి, ఆరితేగాని తెలియదు. ఈ మాట ఎంతమందికి చెప్పి ఉంటుందో. అయినా నోరు ఊరుకోక, ఆరకముందే ఫోన్ చేసింది.

అయితే ఆమె ఆగిపోయింది తప్పు జరిగిందని కాదు. నిన్నమొన్న అతికించిన ఈకలకి ఎండ నుంచి దాచేంత వయసు లేదు, అందుకని వాటి జాడ లేదు. ఎముకల్లేవు, గీతల్లేవు, బల్లెం లేదు. పక్కకి ముడి వేసుకున్న చీరలు, కొంచెం వంగిన మోకాళ్లు, వెనక పెనవేసుకున్న చేతులు. ఒకామె తల పక్కకి వాల్చింది, ఇంకొకామె అడుగు అందరికంటే ముందుంది. ఏమీ తగిలించని మనుషులు. బాగుంది. తిట్టడానికి ఎక్కడా ఏమీ దొరకలేదు.

పోగొట్టడం ఆమెకి కష్టం కాదు. రబ్బింగ్ కాంపౌండ్‌తో, అంటే ముద్దలా ఉండే ఆ పాలిష్‌తో, చుట్టూ చచ్చిన రంగుని రుద్దేస్తే కింద నుంచి అదే ఎరుపు పైకి వస్తుంది. శనివారం పొద్దంతా సరిపోతుంది. కానీ బోర్లించిన డబ్బా మీద కూర్చుని చూసినకొద్దీ ఆమెకి చేతులు రాలేదు. జోసఫ్ రాజు వచ్చి చూసి, ఇది చెరిపితే పాపం అన్నాడు. టీ కొట్టు మంగరాజు వచ్చి చూసి అదే అన్నాడు. మామూలుగా మొగుడి మాటకి అడ్డం చెప్పే మనిషి ఆ సాయంత్రం ఒప్పుకుంది. బొమ్మల్ని ఇలాగే ఉంచి, పైన మెరిసే లేకర్ పూత కొట్టి ఇద్దామని నిర్ణయించేసుకుంది. ఆ పిల్లకి తన తరఫున ఒక బహుమానం అనుకుంది. ఆ పిల్లని అడగాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

శనివారం పొద్దున్న దేవి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. కొండలమ్మ సన్నటి మనిషి, ఎముక గట్టిది. ముక్కుకి మూడు పుడకలు. షెడ్డులోకి వచ్చి కారు చూడగానే ఆగింది. దేవి మొహం పాలిపోయింది. పోయాయన్నారు కదా అనబోయి, తల్లి ముందుకు నడవడం చూసి ఊరుకుంది.

కొండలమ్మ వరుస పక్కనే మెల్లగా నడుస్తూ ఒక్కొక్క బొమ్మనీ వేలితో ముట్టుకుంది.

"ఇది జోగులమ్మ. దాని మెడ అలాగే ఒంగుతాది. ఇది మా తోటికోడలు, అడుగెప్పుడూ ముందే ఏసెస్తాది. ఇది నాను." ఎస్తర్ రాణి వైపు తిరిగి నవ్వింది. "రిసార్టు పెట్టిన కొత్తలో మమ్మల్ని ఆడమని పిలిసీవోరు. అప్పుడొకడు సెట్టు కింద కూకుని సూసి సూసి ఏసినాడు. ఈకలు తరవాతొచ్చిన మేనేజరు ఎట్టించినాడు. ఈకలు మేం ఎప్పుడెట్టుకున్నాం?"

ఆ ముసిముసి నవ్వు చూసి ఎస్తర్ రాణికి ఇంకే సందేహమూ మిగల్లేదు. కొండలమ్మని అప్పా అని అక్క వరస కలుపుకుని, తన ఆలోచనంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. దరిద్రం అంతా పోయింది, మీరే మిగిలారు, ఇంత చక్కటి పని ఈ చుట్టుపక్కల ఏ కారు మీదా లేదు, పైన పూత కొడతాను, పదేళ్లైనా చెక్కుచెదరదు. చెప్తూ చెప్తూ ఫోన్ తీసింది.

"అప్పా, ఒక్కసారి ఆ వరుస పక్కన నిలబడు. ఫొటో తీసుకుంటాను."

కొండలమ్మ అలవాటైనదానిలా కొంగు సర్దుకుని కదిలింది. దేవి మాత్రం వంగి, వెనక చక్రం దగ్గర కూర్చుని, వేలితో టైరు నొక్కింది.

ఎస్తర్ రాణి చెయ్యి ఫోన్‌తో సహా గాలిలోనే ఆగిపోయింది. బుధవారం నాడు తాను ఎవరి బూట్లు తడిపిందో గుర్తొచ్చింది. ఇంచుమించు ఆయన మాటే తన నోట్లోంచి వచ్చింది. ఇంత సిగ్గు ఆమెకి ఈ మధ్య ఎప్పుడూ వెయ్యలేదు. ఫోన్ లోపల పెట్టేసి, "వద్దులే అప్పా," అంది.

కొండలమ్మ కూతురి వంక ఒకసారి, ఈమె వంక ఒకసారి చూసింది. నవ్వు పోలేదు గానీ మాట మెత్తబడింది.

"నానొకటి సెప్తాను, ఏటనుకోకు సెల్లెమ్మా. మా ఆటలో డప్పు మోగినంతసేపే వరుస. డప్పు ఆగిందంటే సేతులిడిసీసి ఎవలింటికి ఆలు పోతాం. గంజి కాయాల, గొడ్లని కట్టాల. ఈలకి డప్పాగిపోయి ఎన్నేళ్లయినాదో. ఎండలో, వానలో సేతులిడవకుండా నిలబడిపోనారు." బొమ్మలో తన భుజం ఉన్నచోట చెయ్యి వేసింది. "బాగానే ఉన్నాం. అయితే మాత్రం? ఇది ఉద్యోగానికెల్తంది. దీనెంట మేం ఆడుకుంటా ఎల్తామేటి? ఇడిపించీ. ఇంటికి పోతారు."

దేవి చక్రం దగ్గర నుంచి లేచి తల్లి పక్కన నిలబడింది. జోసఫ్ రాజు ఏదో అనబోతే భార్య కంటితోనే ఆపింది. ఆమెకి ఇప్పుడు పని కనిపించింది, పని కనిపిస్తే ఆమెకి ధైర్యం తిరిగొస్తుంది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, కాంపౌండ్ డబ్బా మూత తీసింది. తర్వాత, ఇన్నేళ్లలో ఏ బండి గలవాళ్లనీ అడగని మాట అడిగింది.

"ఏ పక్కనించి మొదలెట్టమంటావప్పా?"

"తోకనించి," అంది కొండలమ్మ. "తోకలో ఉన్నదే ముందు ఇడుస్తాది."

వెనక లైటు దగ్గర మొదలుపెట్టింది ఎస్తర్ రాణి. కొండలమ్మ పక్కనే నిలబడి, తన వంతు వచ్చినప్పుడు నొప్పెడుతుందేమో అన్నట్టు చూస్తుంటే, రుద్దుతూనే చెప్పింది. "మిమ్మల్నెవల్నీ ముట్టుకోనప్పా. మీ ఎరుపు బాగానే ఉంది. చుట్టూ ఉన్నదాన్ని మీ రంగుకి తెస్తాను."

వెడల్పైన చోట మిషను పట్టింది. బొమ్మల అంచుల దగ్గర మిషను పనికిరాదు, గుడ్డ చుట్టిన వేలితో గుండ్రంగా రుద్దాలి. చచ్చిన రంగు గులాబీ రంగు బురదలా గుడ్డకి అంటుకుని వచ్చేస్తోంది, తుడిచిన చోటల్లా కింద నుంచి చిక్కటి ఎరుపు తేలుతోంది. ఆ ఎరుపు తోకలో ఉన్న ఆడమనిషి దాకా వచ్చి ఆమె అంచుని కలుపుకోగానే ఆమె ఎక్కడుందో తెలియకుండా పోయింది. తుడిచేసినట్టు లేదు. నిజంగానే నడిచి వెళ్లిపోయినట్టుంది.

కాసేపటికి దేవి చున్నీ నడుముకి బిగించి ఒక గుడ్డ అడిగింది. ఎస్తర్ రాణి తన పని ఇంకొకరి చేతికి ఇవ్వదు, మొగుడికే ఇవ్వదు. ఆ రోజు ఇచ్చింది. ఎంత ఒత్తాలో, ఎక్కడ ఆపాలో చెయ్యి పట్టుకుని చూపించింది. జోసఫ్ రాజు నీళ్లు మోశాడు. కొండలమ్మ మాత్రం గుడ్డ ముట్టుకోలేదు. ఒక్కొక్కరూ వెళ్తుంటే పేరు చెప్తూ, వాళ్ల కబుర్లు చెప్తూ కూర్చుంది. జోగులమ్మకి ఆడుతున్నప్పుడు నవ్వు ఆగదు. తోటికోడలికి అడుగు తప్పితే పక్కదాన్ని గిల్లుతుంది. ఒకామె ఇప్పుడు లేదు. ఆమె వంతు వచ్చినప్పుడు దేవి రుద్దడం ఆపి, తల్లి మళ్లీ మాట్లాడేదాకా ఆగింది.

సాయంత్రం వెలుగు ఏటవాలుగా లోపలికి వచ్చేసరికి కారు మీద ఎవరూ లేరు. ఎస్తర్ రాణి ఈసారి నోరు మెదపలేదు. కడిగింది, తుడిచింది, పూర్తిగా ఆరేదాకా ఎదురుగా కూర్చుంది. ఆరింది. ఈ చివర నుంచి ఆ చివరకి కారు ఒకటే ఎరుపు.

దేవి కారు చుట్టూ తిరిగింది. చెయ్యి పెట్టి నిమిరి, ఎస్తర్ రాణి వైపు చూసి, "బాగుంది ఆంటీ," అంది. కళ్లలో నీళ్లు వచ్చాయి. బుధవారం రానివి ఇప్పుడు వచ్చాయి.

రుద్దిన రంగు రెండు రాత్రులు నీడలో ఉండాలని ఎస్తర్ రాణి బండిని షెడ్డులోనే ఉంచింది. ఆదివారం షెడ్డు తెరవరు, చర్చికి వెళ్తారు. సోమవారం పొద్దున్నే తల్లీకూతుళ్లు వచ్చి కారు తీసుకున్నారు. దేవి తెల్లకోటు మడతపెట్టి వెనక సీట్లో పెట్టింది. కొండలమ్మ, గది దగ్గర దింపెయ్యమని చెప్పి, ముందు సీట్లో నిటారుగా కూర్చుంది. కారు రోడ్డెక్కింది.

తన చేతి నుంచి వెళ్లిన బండిని మలుపు తిరిగేదాకా చూడటం ఎస్తర్ రాణికి అలవాటు. బండిని కాదు, దాన్ని చూసేవాళ్లని చూస్తుంది. ఎవరైనా తల తిప్పి చూస్తే అది ఆమెకి మెడల్ లాంటిది. ఆ పొద్దున్న రోడ్డు నిండా జనం ఉన్నారు. స్కూలు ఆటోలు, పాల బళ్లు, మాకవరపాలెం నుంచి కూరగాయలు తెచ్చే మోపెడ్లు. కొండకి వెళ్లే పట్నం కారొకటి ఎర్రకారుకి ఎదురొచ్చి, పక్కనుంచే వెళ్లిపోయింది. ముందు ఆటో ఆగిపోతే దేవి హారన్ కొట్టింది, ఆటోవాడు విసుక్కున్నాడు, అందరి మీదా విసుక్కున్నట్టే. కారు మలుపు తిరిగి ఆ గుంపులో కలిసిపోయింది.

ఎస్తర్ రాణి చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. భర్త సుత్తి ఆపి తలెత్తి చూశాడు.

"ఒక్కడు కూడా సూడనేదండీ," అంది గొప్పగా.